సామ్యూలుగారి ఇంటు మార్కు

ముందే చెప్పేస్తున్నాను. నేను విమానానికి ఎదురెళ్లి ప్రార్థన చెయ్యలేదు. ఆ వీడియోలో కుచ్చిళ్లు ఊడి, చేతులు పైకెత్తి, మట్టిలో గెంతుతున్నది నేనే, కాదనను. కానీ మా సంఘంలో దాన్ని సాక్ష్యంగా ఊరంతా పంపిస్తున్నారు, ‘సహోదరి విశ్వాసం, ఆగిన విమానం’ అని పేరు కూడా పెట్టి. మొన్న బోయిగూడలో కూరగాయలమ్మే మార్త నా చెయ్యి పట్టుకుని, “టీచరమ్మా, మా ఆయన ఆటో స్టార్ట్ అయితలేదు, జెర నీ చెయ్యి పెట్టరాదు” అంది. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు తెలుగు చెప్పిన దాన్ని. చివరికి ఇలా పేరు తెచ్చుకున్నాను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నిజానికి ఇది నా సంగతి కాదు, మా ఆయన సామ్యూలుగారి సంగతి. తప్పంతా ఆయన గీసే ఒక గుర్తుది.

మా ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఎనిమిదేళ్లు చక్రాలు కొట్టారు. కొట్టేశారని చదవకండి మహాప్రభో! చిన్న సుత్తితో చక్రాన్ని తట్టి చెవి ఒగ్గి వినడం ఆయన ఉద్యోగం. పగులు లేని చక్రం ఠంగుమని చాలాసేపు మోగుతుంది. పగులున్నది ఠప్పుమని ఊరుకుంటుంది. అనుమానం తీరకపోతే కిరసనాయిలు రాసి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, మీద సుద్దపొడి చల్లేవారు. పగులుంటే అందులోకి ఇంకిన కిరసనాయిలు బయటికొచ్చి సుద్దలో సన్నటి గీతలా కనబడుతుంది. అప్పుడు జేబులోంచి సుద్దముక్క తీసి దాని మీద ఇంటు మార్కు పెట్టేవారు. ఇంటు పడ్డ వస్తువు మళ్లీ పట్టాలెక్కదు. ఏ ఆఫీసరు వచ్చి బతిమాలినా ఎక్కదు. ఆయన పాస్ చేసిన చక్రం ఒక్కటి కూడా దారిలో విరగలేదని రిటైరైన రోజు శాలువా కప్పి మైకులో చెప్పారు. మా ఆయన ఆ మైకు అందుకుని, “ఈ స్టేజీ బల్ల మూడో కాలు తేడాగున్నది, జెర దిగండి” అన్నారు. దిగి వచ్చేశారు.

మనిషే అంత. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు మా అమ్మ ఇచ్చిన కంచు గ్లాసును గోటితో తట్టి, “ఇది పగిలిందండీ” అన్నారు. నాకు ఒళ్లు మండింది. మా నాన్న మాత్రం, అబ్బాయి ఉన్నది ఉన్నట్టు చెబుతాడు అని మురిసిపోయి నన్నిచ్చి చేశారు. అప్పటినుంచి నా కుక్కరుకి ఇంటు, నా కుర్చీకి ఇంటు, బట్టలారేసే కడ్డీకి ఇంటు. నేను పరీక్ష పేపర్ల మీద పెట్టిన ఇంటుల కన్నా ఆయన నా వంటింట్లో పెట్టినవి ఎక్కువ. కోపమొచ్చి ఒకసారి నా నుదుటి మీద కూడా ఒకటి గీసెయ్యండి, పీడా పోతుంది అన్నాను. ఆయన నిజంగానే ఆలోచించి, “నువ్వు ఇంకా మోగుతున్నవ్ టీచర్” అన్నారు.

ఆయన నన్ను టీచర్ అనే పిలుస్తారు. నేను ఎందుకూ అని అడగడం మానేసి చాలా కాలమైంది.

ఇక అసలు విషయం. మూడేళ్ల క్రితం మా ఆయనకు వినికిడి పోవడం మొదలైంది. ఆయన ఒప్పుకోలేదు. టీవీ సౌండు పెంచుకుంటూ పోయారు, పక్కింటి డోరా మా టీవీలో వార్తలు వినడం మొదలుపెట్టి తన టీవీ అమ్మేసింది. కొబ్బరిచిప్ప తెమ్మంటే రబ్బరుచెప్పు తెచ్చారు. అదీ నా సైజు కాదు. “నువ్వే సరిగ్గ చెప్పలే” అని నా మీదే ఎగిరారు. డాక్టరు పేరెత్తితే ఆ రోజు అన్నం మానేసేవారు. ఇది గర్వం కాదు, భయం. నాకు తెలుసు. చెవితో బతికిన మనిషి చెవి పోయిందని నలుగురిలో ఎలా చెప్పుకుంటాడు? అందుకని నేను కూడా ఎవరికీ చెప్పలేదు. చర్చిలో ఎవరైనా పలకరిస్తే మోచేత్తో పొడిచి, పెదవులు కదిపి అందించేదాన్ని. సుత్తి మాత్రం ఆయన జేబులోనే ఉండేది. తట్టేవారు, కళ్లు మూసుకుని వినేవారు. ఏమీ వినబడదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఇలా ఉండగా రాణీగంజ్‌లో నీళ్ల మోటార్లమ్మే తాతారావుగారు ఫోన్ చేశారు. ఫోన్లు నేనే ఎత్తుతాను, కారణం మీకు చెప్పాను.

తాతారావుగారిది తణుకు పక్క. కాప్రాలో పెద్ద ఇల్లు. ఆ ఇంటి కింద కార్లు పెట్టుకునే చోట ఆయన ఆరేళ్లుగా విమానం కడుతున్నారు. చదివింది కరెక్టే, విమానం. ఇద్దరు కూర్చునేది, ముందు ఫ్యాను, వెనక తోక, అన్నీ ఉన్నాయి. ప్లాన్లు తెప్పించుకుని, ముక్క ముక్క కోసి, అతికించి కట్టారు. ఆయన కూతురు నీహారిక ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. తండ్రి కట్టాలి, కూతురు ఎగరాలి, అదీ వాళ్ల ఒప్పందం. రెక్కలు కింద పట్టక పై డాబా మీద ఉండేవి. తాతారావుగారి తల్లి వీరరాఘవమ్మగారికి ఎనభై రెండేళ్లు. అంత నున్నటి, వెడల్పాటి రెక్క ఎండలో ఖాళీగా పడుంటే ఆవిడ ప్రాణం ఊరుకోలేదు, దాని మీద గుడ్డ పరిచి గుమ్మడి వడియాలు పెట్టేవారు.

ప్రభుత్వం వాళ్లు వచ్చి చూసి వెళ్లారు, కాగితాలన్నీ అయ్యాయి. షామీర్‌పేట అవతల ఒక ఆసామి మామిడితోట పక్కన మట్టి రన్‌వే ఉంది. అక్కడికి చేర్చడానికి రెక్కల్ని డీసీఎం బండి ఎక్కిస్తే, డ్రైవరు సత్యదేవ్ కుడిరెక్కను ఇంటి గేటు స్తంభానికి తగిలించాడు.

“నేనేం జేసిన సార్? గేటే జెర లోపటికొచ్చింది” అన్నాడట.

“ఏవండీ కాంతమణిగారూ, మీవారు ఒక్కసారి వచ్చి చూడాలండి” అన్నారు తాతారావుగారు ఫోన్లో. “ఒకప్పుడు మా కొట్లో మోటారు తట్టి పగులు పట్టేశారండి, నాకింకా గుర్తే. పైకి ఏమీ కనబడటం లేదండి. కానీ ఎగిరేది మా పిల్లండి. మీవారు బాగుందంటే ఎగురుతుంది, లేదంటే లేదు.”

నేను ఈ మాటలు ఒక కాగితం మీద రాసి మా ఆయనకు చూపించాను. ‘ఎగిరేది మా పిల్ల’ అన్న దగ్గర ఆయన చాలాసేపు ఆగారు. “రైలు సంగతి తెలుసు గానీ విమానం సంగతి నాకేం తెలుసు?” అన్నారు. తరువాత లేచి చొక్కా తొడుక్కున్నారు. “చక్రమైనా రెక్కైనా పగులు పగులే కద” అంటూ సుత్తి తీశారు. రిటైరయ్యాక ఆయన అంత నిటారుగా నడవడం నేను చూడలేదు.

నేనూ వెంట వెళ్లాను, చెవులు ఇంట్లో వదిలి ఎలా పంపిస్తాను?

రెక్క చివర పైకీ కిందికీ ఆడే పలక ఒకటి ఉంటుంది. దాన్ని వాళ్లు ఎలరాన్ అంటారు, నేను ఆడురెక్క అని పేరు పెట్టాను. విమానం పక్కకి ఒరగాలన్నా, ఒరిగింది మళ్లీ నిలబడాలన్నా ఆ పలకే దిక్కు. దాన్ని రెక్కకు పట్టి ఉంచేది అరచేతిలో పట్టేంత అల్యూమినియం బ్రాకెట్. అది గాలిలో విరిగితే పలక ఊగిసలాడుతుంది, పిల్ల చేతిలో విమానాన్ని తిప్పే కర్ర ఉన్నా లాభం లేదు. నీహారిక ఇదంతా చెబుతుంటే నేను పెదవులతో ఆయనకు అందించాను. ఆయన ప్రతి బోల్టు తిప్పి చూశారు, ప్రతి తీగ పట్టి లాగారు, పలకను చేత్తో ఆడించి ఎక్కడ పట్టేస్తోందో వేళ్లతో వెతికారు. పలక లోపల ఏదో గలగలమంటోందని నేను చెబితే విప్పించారు. నాలుగు గుమ్మడి వడియాలు బయటపడ్డాయి.

“ఈ బరువు అటూ ఇటూ దొర్లితే గాల్లో పలక కొట్టుకుంటది” అన్నారు మా ఆయన గంభీరంగా.

వీరరాఘవమ్మగారు ఒకటి అందుకుని కొరికి, “ఇంకో రెండు రోజులు ఎండాలి” అన్నారు.

తరువాత ఆయన రెక్క కిందికి దూరి, మెడ వంచి, బ్రాకెట్లు తట్టారు. కళ్లు మూసుకున్నారు. నేను బయట నిలబడి చూస్తున్నాను. ఎడమవైపుది మోగింది. కుడివైపుది ఏదో తేడాగా మోగినట్టనిపించింది, నేను మెకానిక్కునా చెప్పడానికి? ఆయన ముఖంలో మాత్రం ఏమీ తెలియలేదు. అప్పుడు సీసా తీసి కిరసనాయిలు రాశారు. అది ఇంకడానికి కొంతసేపు ఆగాలి. గడియారం చూడటం ఆయనకు అలవాటు లేదు, కళ్లు మూసుకుని పెదవులు కదుపుతూ ఆరువందల దాకా లెక్కపెడతారు. వీరరాఘవమ్మగారు అది చూసి పైటకొంగు భుజాల చుట్టూ కప్పుకుని, చేతులు జోడించి నిలబడ్డారు. ఆవిడకు అది ప్రార్థనలా కనబడింది. నేను గమనించలేదు, నా బుద్ధి గడ్డి తిని వడియాల కూర ఎలా వండాలని ఆలోచిస్తోంది.

సుద్దపొడిలో వెంట్రుకంత గీత తేలింది. ఆయన తుడిచేసి ఇంటు మార్కు పెట్టారు. అయితే మెడ అడ్డంగా వంచి గీసిన ఇంటు అది. నిటారుగా నిలబడి చూసినవాళ్లకు చక్కటి సిలువ గుర్తులా ఉంది.

“ఇది విప్పియ్యండి, నేను చూసుకుంట” అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. ముప్పై ఎనిమిదేళ్లు ఇంటు పెడితే చాలు, లోకానికి అర్థమైపోయేది. ఈ లోకానికీ అర్థమైందనే ఆయన అనుకున్నారు.

రెండు రోజులు మా బాల్కనీలో కూర్చుని, తాతారావుగారు తెప్పించిన మందపాటి పలకను కోసి, ఆకురాయితో అరగదీసి, కొత్త బ్రాకెట్ చేశారు. డోరా వాళ్ల పూలకుండీల నిండా అల్యూమినియం పొడి పడి గొడవైంది, అది వేరే సంగతి. మూడో రోజు పాతదీ కొత్తదీ ఒకే పేపర్లో చుట్టుకుని కాప్రా వెళ్లారు. ఆ రోజు నాకు చర్చిలో స్త్రీల కూడిక. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు నేను వెంట వెళ్లలేదు.

ఆ రోజు జరిగింది నీహారిక తరువాత చెప్పింది. మీకు ఇప్పుడే చెప్పేస్తాను. పేపరు విప్పితే రెండు బ్రాకెట్లు. ఒకదాని మీద సిలువ ఉంది, ఒకదాని మీద లేదు.

“సిలువ ఉన్నదే పెట్టండర్రా” అన్నారట వీరరాఘవమ్మగారు. “పెద్దాయన అంతసేపు జపం చేసి పెట్టారు. ఆ రెండోది ఉత్తదే.”

నీహారిక సిలువ ఉన్నది చేతిలోకి తీసుకుని, మా ఆయన్ని అడిగింది: “అంకుల్, ఇది పెట్టెయ్యనా?”

మా ఆయనకు ‘పడెయ్యనా’ అని వినబడింది.

“వెంటనే! ఇంకెందుకు లేటు?” అన్నారు. పని అయిపోయిందని, సుద్ద చేతులు దులుపుకుని, బస్సెక్కి ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయారు.

ఎగిరే రోజు శనివారం. పొద్దున్నే సత్యదేవ్ బండిలో మమ్మల్ని షామీర్‌పేట అవతలికి తీసుకెళ్లాడు. మామిడితోట పక్కన తెల్లటి విమానం నిలబడి ఉంది. నిజం చెబుతున్నాను, దాన్ని చూడగానే నాకు కన్నీళ్లొచ్చాయి. నీళ్ల మోటార్లమ్మే మనిషి ఆరేళ్లు కూర్చుని కట్టిన విమానం! చక్రాల కింద నిమ్మకాయలు, ముక్కుకు పూలదండ, ఒంటినిండా పసుపు కుంకుమలు. తాతారావుగారికి మాట రావడం లేదు, ఊరికే అందరికీ మంచినీళ్లిస్తున్నారు. నీహారిక లోపల కూర్చుని ఇంజను వేసింది. ఫ్యాను తిరిగింది, మామిడాకులు లేచాయి. ఇంజను వేడెక్కేదాకా తోక పట్టుకుని నిలబడే పని మా ఆయనకిచ్చారు. ఆయన అక్కడ, నేను చాలా దూరంలో చెట్టు కింద వీరరాఘవమ్మగారి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాను.

“మీవారి చలవేనమ్మా” అన్నారావిడ నా చెయ్యి పట్టుకుని. “ఆ సిలువ ముక్కనే దగ్గరుండి పెట్టించాను. సుద్ద చెరిగిపోతుందని పైన సెల్లోటేపు అంటించాను. పక్కన మన బొట్టు కూడా ఉండాలని కుంకుమ నూనెలో తడిపి పూశాను. మీ దేవుడూ మా దేవుడూ ఇద్దరూ చూసుకుంటారు.”

“ఏ సిలువండీ?” అన్నాను.

“అదే, మీవారు రెక్క కింద పెట్టారు కదా.”

నలభై ఒక్క ఏళ్లుగా నా కుక్కరు మీద, నా కుర్చీ మీద ఉన్న సిలువ ఏదో నాకు తెలియదా! కొత్త బ్రాకెట్ ఏమైందని అడిగితే, సత్యదేవ్ పనిముట్ల పెట్టెలో ఉందన్నారు.

లేచి పరుగెత్తాను. నాకు అరవై నాలుగేళ్లు, రెండు మోకాళ్లూ ఇంటు పెట్టాల్సినవే. “ఆపండి! ఏమండీ! ఆపించండి!” అని గొంతు చించుకున్నాను. ఇంజను మోతలో చెవులున్నవాళ్లకే వినబడలేదు, మా ఆయనకేం వినబడుతుంది? అటు తాతారావుగారు చక్రాల ముందు ఇటుకలు తియ్యడానికి వంగారు. నీహారిక నన్ను చూసి, లోపలినుంచి నవ్వుతూ దణ్ణం పెట్టింది. ఆశీర్వదించడానికి వస్తున్నాననుకుంది పిచ్చిపిల్ల. కుచ్చిళ్లు ఊడాయి, ఒక చెప్పు ఎటో పోయింది. ఇంక లాభం లేదని అక్కడే ఆగి, చేతులు రెండూ తలపైకెత్తి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టాను.

ఇంటు మార్కు.

వీడియోలో మీరు చూసింది అదే. వెనక కుర్చీలో ముందుకు వంగి, చేతులు జోడించి, మోకరిల్లినట్టు కనబడేది వీరరాఘవమ్మగారు. “వాహ్, ఆంటీ దువా చేస్తున్నది” అన్న గొంతు ఫోన్ పట్టుకున్న సత్యదేవ్‌ది.

మా ఆయన నన్ను చూశారు. ఎందుకు, ఏమిటి అని ఆయన ఆలోచించరు. ఇంటు పడింది, బండి కదలకూడదు, అంతే. తోక వదిలి పక్కకు తప్పుకోవాల్సిన మనిషి, దాని మీద బోర్లా పడుకుని రెండు చేతులతో వాటేసుకున్నారు. ఇటుకలు తీశారు, విమానం రెండడుగులు కదిలింది. అరవై తొమ్మిదేళ్ల మా ఆయన చెప్పులు మట్టిలో గీతలు గీస్తున్నాయి గానీ పట్టు వదల్లేదు. తోక బరువెక్కిందని నీహారిక వెనక్కి తిరిగి చూసి, కెవ్వుమని ఇంజను ఆపేసింది.

అందరం రెక్క కింద గుమిగూడాం. మా ఆయన వంగి చూశారు. సెల్లోటేపు కింద తన ఇంటు మార్కు భద్రంగా ఉంది. ముఖం పాలిపోయింది.

“దీన్ని పడెయ్యమన్న కద” అన్నారు.

“పెట్టెయ్యమన్నారు అంకుల్” అంది నీహారిక. “నేను పెట్టెయ్యనా అని అడిగా, మీరు వెంటనే అన్నారు.”

తాతారావుగారు పెద్దమనిషి. “మా పిల్ల సరిగ్గా అడిగి ఉండదు లెండి, హడావిడి మనిషి” అన్నారు. నీహారిక కూడా తలొంచుకుని, “నేనే మెల్లగా అన్నానేమో అంకుల్” అంది. దారి తెరిచి పెట్టారు. అవునమ్మా, నువ్వే మెల్లగా అన్నావు అంటే చాలు, మా ఆయన పరువు ఆయన దగ్గరే ఉంటుంది. కొబ్బరిచిప్ప రోజున నాతో అన్న మాటే. ఆయన ఆ అమ్మాయి పెదవులకేసి చూశారు, తరువాత నాకేసి చూశారు. నేను ఈసారి ఏమీ అందించలేదు.

“లేదమ్మా. నువ్వు సరిగ్గనే అడిగినవ్” అన్నారు. “నాకే వినబడదు. మూడేండ్లాయె. చెప్పుకోనీకి సిగ్గయి సుత్తి పట్టుకుని తిరుగుతున్న. నా సిగ్గుకి ఇయ్యాల నీ పానం పోతుండె.”

సుత్తి జేబులోంచి తీసి కింద పెట్టారు. నాకు దుఃఖం ఆగలేదు. ఆ దుఃఖంలోనే కోపం కూడా వచ్చింది, ఇన్నాళ్లూ దాచడానికి సాయం చేసింది నేనే కదా అని.

తాతారావుగారు నసిగారు. “అయితే సామ్యూలుగారూ, మరి వినబడకపోతే... ఆ పగులు కూడా పొరపాటేమోనండి?”

నేను పెదవులతో ఆ మాట అందిస్తే, మా ఆయన బ్రాకెట్ విప్పించారు. సెల్లోటేపు పీకి, కుంకుమ నూనెను గుడ్డతో గట్టిగా తుడిచారు, రెండుసార్లు. జేబులోని సుద్దముక్కను ఇటుక మీద పొడి చేసి దాని మీద చల్లారు. ఈసారి లెక్కపెట్టలేదు. అందరం తలలు దగ్గర పెట్టి చూస్తూ ఉన్నాం. కాసేపటికి తెల్లటి సుద్దలో ఎర్రటి గీత మెల్లగా తేలింది, ఒక అంచు నుంచి దాదాపు రెండో అంచు దాకా. కిరసనాయిలుతో ఇంత బాగా ఎప్పుడూ కనబడలేదని మా ఆయనే అన్నారు. తాతారావుగారు దాన్ని చేతిలోకి తీసుకుని కొంచెం వంచారు. పాపం, కావాలని కాదు. బిస్కెట్టు విరిగినట్టు రెండు ముక్కలైంది.

ఆయన అక్కడే మట్టిలో కూర్చుండిపోయి కూతుర్ని దగ్గరికి లాక్కున్నారు.

“చూశావా, నా బొట్టే పట్టించింది” అన్నారు వీరరాఘవమ్మగారు కళ్లు తుడుచుకుంటూ. ఆవిడతో వాదించే ఓపిక ఎవరికీ లేదు, పైగా అది నిజమే.

ఆ రోజు ఎగరలేదు. కొత్త బ్రాకెట్ అప్పుడే వేసెయ్యొచ్చు గానీ, మా ఆయన తోక దగ్గరికెళ్లి దాని వెనకాల ఆడే పలకను చూసి తల అడ్డంగా ఊపారు. “దీని మీద నేను పడుకున్న. వంగి ఉంటది. నమ్మేదానికి లేదు” అని సుద్ద తీశారు. ఒక గీత గీశాక ఆగి, వీరరాఘవమ్మగారి వైపు చూసి, చెరిపేసి, పెద్ద అక్షరాలతో ‘పారేయ్యాలి’ అని రాశారు. నేను వెళ్లి రే దీర్ఘం తీసేసి ‘పారెయ్యాలి’ అని దిద్ది వచ్చాను. ఏడుస్తున్నా సరే, కొన్ని చూస్తూ ఊరుకోలేను.

తోక పలక కొత్తది చెయ్యడానికి నెల పట్టింది. ఈలోపు తాతారావుగారు బలవంతంగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి చెవి మిషను ఇప్పించారు. మా ఆయన దాన్ని గోటితో తట్టి, డబ్బాలో పెట్టి, డబ్బా మీద ఇంటు గీశారు. రెండోది తెప్పిస్తామన్నారు, చూడాలి. పని మాత్రం ఆపలేదు. ఆయన సుత్తితో తడతారు, నేను పక్కన నిలబడి వింటాను. మోగితే చెయ్యి ఎత్తుతాను, మోగకపోతే ఎత్తను. కొత్త పలక, కొత్త బ్రాకెట్, బోల్టులు, అన్నీ అలాగే చూశాం. “పెట్టెయ్యనా” అనే మాట ఆ ఇంట్లో నిషేధం. నీహారిక ‘బిగించనా’ అని కాగితం మీద రాసి చూపిస్తుంది.

మళ్లీ శనివారమే. ఈసారి నేను మా ఆయన పక్కనే నిలబడ్డాను, చెప్పులు కూడా గట్టివి వేసుకున్నాను. నీహారిక ఇంజను వేసింది. విమానం మట్టిలో గబగబా పరుగెత్తి, మామిడిచెట్ల ముందు నేల వదిలింది. తాతారావుగారు అరిచారు, సత్యదేవ్ ఈల వేశాడు. విమానం పైన మెల్లగా ఒక పక్కకి ఒరిగి, మళ్లీ నిటారుగా నిలబడింది. ఆ కుడి ఆడురెక్క పని చేసింది! మా ఆయన కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ, “చప్పుడు ఎట్లున్నది?” అని అడిగారు.

“బాగుంది” అన్నాను.

“ఆగిందా!” అని ఆయన రన్‌వే మీదికి పరుగు తీశారు.

వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగాను. ఎంత అరిచినా ఆ గోలలో వినడం లేదు, ముఖం మళ్లీ పాలిపోయింది. ఆయన జేబులో చెయ్యి పెట్టి సుద్దముక్క తీసి, అరచెయ్యి విప్పించి, దాని మీద పెద్ద రైట్ మార్కు పెట్టాను. ముప్పై నాలుగేళ్లలో ఎంతమంది పిల్లలకు పెట్టానో లెక్కలేదు. నలభై ఒక్క ఏళ్ల కాపురంలో ఆయనకు పెట్టడం అదే మొదలు.

ఆయన దాన్ని చూశారు, పైకి చూశారు, మళ్లీ చేతిలోకి చూసుకున్నారు. చెమటకి చెరిగిపోతుందేమోనని ఊదుకుంటున్నారు. వీరరాఘవమ్మగారు సంచీలోంచి సెల్లోటేపు తీసి అందించారు. వద్దనకుండా ముక్క కోసి, ఆయన అరచేతి మీద నేనే అంటించాను.